గుమ్మం దగ్గర పుట్టిన అధికారం
(జస్టిస్ కోకా సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



కోకా సుబ్బారావు గారి పేరు ఎత్తగానే న్యాయవాదులకు గోలక్‌నాథ్ కేసు గుర్తొస్తుంది. 1967 ఫిబ్రవరి 27న వచ్చిన ఆ తీర్పు గురించి పెద్దలు చాలామంది చాలాసార్లు మాట్లాడారు. నేను దాని జోలికి పోను. అదే ఏడాది ఏప్రిల్ 10న, ప్రధాన న్యాయమూర్తి పదవి వదలడానికి ఒక్కరోజు ముందు, ఆయన ఇంకో తీర్పు చెప్పారు. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు. మోటారు విడిభాగాల వ్యాపారం చేసుకునే ఒకాయనను పాస్‌పోర్టులు తిరిగి అప్పగించమని పాస్‌పోర్టు ఆఫీసు ఉత్తరం రాసింది. ఎందుకయ్యా అంటే, పాస్‌పోర్టు రాజకీయ పత్రం, విదేశీ వ్యవహారాలకు సంబంధించిన సంగతి, ఇవ్వడం మానడం మా ఇష్టం అన్నది ప్రభుత్వం. ఎవరికివ్వాలి, ఎవరికి కాదనాలి అని చెప్పే చట్టం అప్పటికి దేశంలో లేనే లేదు. సుబ్బారావు గారు, ఆయనతో మరి ఇద్దరు న్యాయమూర్తులు ఆ వాదన చెల్లదన్నారు. మిగిలిన ఇద్దరు వాళ్లతో ఒప్పుకోలేదు. దేశం దాటి వెళ్లడం కూడా వ్యక్తిస్వేచ్ఛలో భాగమే, చట్టం లేకుండా దాన్ని ఆపలేరు అని తేలింది. నెల తిరక్కుండానే ఆర్డినెన్సు, జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చాయి. ఈవేళ మన పిల్లలు జేబులో పెట్టుకుని విమానం ఎక్కుతున్న ఆ నీలం పుస్తకం ఆ చట్టం కింద ఇచ్చేదే.

మర్నాడు ఆయన రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ వస్తే ఈయనకు 3,63,971 వచ్చింది. విదేశీ వ్యవహారాలన్న మాట చెప్పి ప్రభుత్వం తప్పించుకోలేదని తీర్పు రాసిన మనిషి, అన్ని విదేశీ వ్యవహారాలూ ఎవరి పేరు మీద జరుగుతాయో ఆ పదవికి పోటీ చేశారన్నమాట. గెలిచి ఉన్నా ఆయన చెయ్యగలిగింది తక్కువే. మన రాష్ట్రపతి రాయబారులకు అధికార పత్రాలు ఇస్తారు, వచ్చినవారి పత్రాలు అందుకుంటారు, విందు ఇస్తారు. నిర్ణయం మాత్రం మంత్రివర్గానిది. 2000 మార్చిలో క్లింటన్‌కు ఇచ్చిన విందులో కె.ఆర్. నారాయణన్, ఈ ఉపఖండాన్ని ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన చోటు అనడం శాంతిని చెడగొట్టేవాళ్లకే ఊతమిస్తుందని మర్యాదగానే చురక వేస్తే, అంతమాత్రానికే ఢిల్లీలో గుసగుసలు బయల్దేరాయి.

అందుకని ఈ సాయంత్రం నిజంగా నిర్ణయించే అధ్యక్షుడి గురించి మాట్లాడదామనుకున్నాను. అమెరికా అధ్యక్షుడు. ఆయన సంతకం గురించి ఆందోళన పడని తెలుగు వీధి ఇప్పుడు లేదు. ఆ సంతకానికి అంత బలం రాజ్యాంగంలో ఎక్కడ రాసి ఉంది? ఈ ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పేస్తాను. చాలా భాగం ఎక్కడా రాసి లేదు. కాంగ్రెస్ వదిలేసినది కొంత, న్యాయస్థానాలు చూసీ చూడనట్టు ఊరుకున్నది కొంత, తొందర పని అని చెప్పి అధ్యక్షులు అలవాటు చేసుకున్నది ఇంకొంత. లాక్కున్నారు అని తిట్టడం తేలిక. వదిలేసినవాళ్ల లెక్క కూడా తీయాలి.

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన ఆ రాజ్యాంగంలో విదేశాంగ విధానం అన్న మాటే కనిపించదు. విదేశాలతో వాణిజ్యాన్ని క్రమబద్ధం చెయ్యడం కాంగ్రెస్ పని. యుద్ధం ప్రకటించడం కాంగ్రెస్ పని. సైన్యం, నౌకాదళం, వాటికి డబ్బు, పౌరసత్వ నిబంధనలు, సముద్రపు దొంగతనాల శిక్షలు అన్నీ మొదటి అధికరణంలో కాంగ్రెస్ పద్దులోనే పడ్డాయి. రెండో అధికరణంలో అధ్యక్షుడికి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సర్వసైన్యాధ్యక్షుడు. సెనేట్ సలహాతో, సమ్మతితో, హాజరైన సభ్యుల్లో మూడింట రెండువంతుల మద్దతుతో ఒడంబడికలు చేసుకోవచ్చు. సెనేట్ సమ్మతితోనే రాయబారులను నియమించవచ్చు. ఆఖర్న, ఇతర దేశాల రాయబారులను ఆయన స్వీకరించాలి. కార్యనిర్వహణాధికారం అధ్యక్షుడిదన్న వాక్యం మొదట్లో ఒకటి ఉంది, దానికి ఎవరి భాష్యం వాళ్లది.

సలహా అన్న మాట ఎలా చచ్చిపోయిందో చూడండి. 1789 ఆగస్టు 22, శనివారం. రాజధాని అప్పటికి న్యూయార్కు. దక్షిణాది ఆదివాసీ తెగలతో చేసుకోవాల్సిన ఒడంబడిక గురించి అడగడానికి జార్జ్ వాషింగ్టన్ స్వయంగా సెనేట్‌కు వచ్చారు. పక్కన యుద్ధ వ్యవహారాలు చూసే హెన్రీ నాక్స్. అధ్యక్షుడు తెచ్చిన కాగితాన్ని ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ పైకి చదివారు. బయట రోడ్డు మీద బండ్ల చప్పుడు. పెన్సిల్వేనియా సెనేటర్ విలియం మెక్లే ఆ రోజు డైరీలో రాసుకున్నదాని ప్రకారం, ఇండియన్ల గురించి ఏదో చదువుతున్నారని తెలిసిందే తప్ప ఒక్క వాక్యం కూడా ఆయన చెవిన పడలేదు. వినపడలేదు, మళ్లీ చదవమన్నారు ఒకాయన. మళ్లీ చదివారు. మొత్తం ఏడు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి అక్కడికక్కడే అవును కాదు అని చెప్పాలి. పాత ఒడంబడికలు చూడాలి, కాగితాలు చదవాలి, ఒక సంఘం వేసి దానికి అప్పగిద్దాం అన్నారు సెనేటర్లు. వాషింగ్టన్‌కు కోపం వచ్చింది. అసలు నేనొచ్చిన పనే చెడిపోయిందని లేచారు. సోమవారం శాంతించి మళ్లీ వచ్చారు, పని ముగించుకుని వెళ్లారు. ఆ తరవాత ఇలా సలహా అడగడానికి సెనేట్ గడప తొక్కలేదు.

నాకు ఇందులో సెనేటర్ల తప్పు కనిపించదు. కాగితం చదివి జవాబు చెబుతామనడం శాసనసభ్యుడు చెయ్యాల్సిన పనే. వాషింగ్టన్ కోపమూ అర్థమవుతుంది, ఆయన సైన్యాన్ని నడిపినవాడు. కానీ ఆ రెండు రోజులతో పద్ధతి ఖాయమైపోయింది. ముందు అధ్యక్షుడు బేరం కుదుర్చుకుంటాడు, తరవాత సెనేట్ ముందు పెడతాడు. సెనేట్ ఔననడమో కాదనడమో చేస్తుంది.

ఇక రాయబారులను స్వీకరించే వాక్యం. నా ఉపన్యాసంలో సగం బరువు దాని మీదే ఉంది. రాజ్యాంగాన్ని ఆమోదించమని న్యూయార్కు ప్రజలకు పత్రికల్లో వ్యాసాలు రాసిన అలెగ్జాండర్ హామిల్టన్, 69వ ఫెడరలిస్టు వ్యాసంలో దీని గురించి తేలిగ్గా తీసిపారేశారు. ఇది మర్యాదకు సంబంధించిన సంగతి, అధికారానికి సంబంధించినది కాదు, ప్రతిసారీ కాంగ్రెస్‌ను సమావేశపరచడం కష్టం కాబట్టి అధ్యక్షుడికి అప్పగించారు అని ఆయన సారాంశం. అంటే గుమ్మం దగ్గర నిలబడి, రండి రండి, కాళ్లకు నీళ్లివ్వండి అనే ఇంటిపెద్ద పాత్ర. అంతకు మించి ఏమీ లేదని నమ్మించారు.

ఐదేళ్లు గడిచాయి. 1793లో ఫ్రాన్సు రాజు తల తెగింది. విప్లవ ప్రభుత్వం ఎడ్మండ్ జెనే అనే యువకుణ్ని రాయబారిగా పంపింది. ఆయనను లోపలికి రానివ్వాలా వద్దా? వాషింగ్టన్ తన మంత్రులకు పదమూడు ప్రశ్నలు పంపారు, అందులో ఇదొకటి. లోపలికి రానిస్తే ఆ ప్రభుత్వాన్ని ఒప్పుకున్నట్టు, తలుపు వేస్తే ఒప్పుకోనట్టు. స్వీకరించారు. ఆ ఏప్రిల్ 22నే యూరప్ యుద్ధంలో మేము తటస్థులం అని ప్రకటన కూడా చేశారు. కాంగ్రెస్‌ను అడగలేదు. దాన్ని సమర్థిస్తూ పసిఫికస్ అనే మారుపేరుతో వ్యాసాలు రాసింది ఎవరనుకుంటున్నారు? ఆ హామిల్టనే. రాయబారిని స్వీకరించే హక్కులో ఏ ప్రభుత్వం అసలుదో తేల్చే హక్కు కూడా ఉందని ఇప్పుడు ఆయన వాదన. జెఫర్సన్ ప్రోద్బలంతో హెల్విడియస్ పేరుతో జేమ్స్ మాడిసన్ జవాబు రాశారు. యుద్ధం, ఒడంబడిక రెండూ చట్టం చేసేవాళ్ల స్వభావానికి చెందినవి, రాజుగారి అధికారాలను దొడ్డిదారిన తేవద్దు అన్నారు. వాదనలో మాడిసన్‌ది పైచెయ్యి అని నా అభిప్రాయం. ఆచరణలో గెలిచింది హామిల్టన్.

ఆ గెలుపు ఎంతదూరం వెళ్లిందో 1948 మే 14న తెలిసింది. పాలస్తీనాపై బ్రిటిష్ అధికారం ముగిసేది వాషింగ్టన్ కాలమానం ప్రకారం సాయంత్రం 6 గంటలకు. కొత్త రాజ్యాన్ని వెంటనే గుర్తించవద్దని విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ రెండు రోజుల ముందే అధ్యక్షుడు ట్రూమన్ ముఖం మీద చెప్పారు. ట్రూమన్ సంతకం చేసిన కాగితం ఇప్పటికీ భద్రంగా ఉంది. అది టైపు చేసిన రెండు చిన్న పేరాలు. పుట్టబోయే దేశానికి ఏం పేరు పెడతారో టైపు చేసినవాళ్లకు తెలియదు, అందుకని కొత్త యూదు రాజ్యం అని కొట్టారు. తరవాత దాన్ని కొట్టేసి చేత్తో ఇజ్రాయెల్ రాజ్యం అని దిద్దారు. అడుగున ఆమోదించాను అన్న మాట, తేదీ, సమయం 6.11. పదకొండు నిమిషాలు! ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనాకు వేరే ఏర్పాటు గురించి వాదిస్తూ కూర్చున్న అమెరికా బృందానికి ఈ సంగతి తెలియదు. ఆఖరి నిమిషంలో ఫోను అందుకున్న ప్రధాన ప్రతినిధి వారెన్ ఆస్టిన్ మళ్లీ సభలోకి రాకుండా ఇంటికి వెళ్లిపోయారు. ఇందులో సెనేట్ లేదు, కాంగ్రెస్ లేదు, ఓటింగు లేదు.

అదే ఏడాది, అదే ట్రూమన్ ముందుకు హైదరాబాద్ నుంచి కూడా ఒక అర్జీ వెళ్లింది. భారత ప్రభుత్వానికీ తనకూ మధ్యవర్తిత్వం చెయ్యమని నిజాం కోరారు. ఫలితం లేదు. సెప్టెంబరు 13న మన సైన్యం కదిలింది, 17 నాటికి అంతా ముగిసింది. దీని మీద కూడా అమెరికా కాంగ్రెస్‌లో ఓటింగేమీ జరగలేదు. గుర్తించే హక్కు ఎవరిదో గుర్తించకుండా ఊరుకునే హక్కూ వాళ్లదే. అది బయటికి కనిపించదు కాబట్టి దాని మీద ఎవరూ కోర్టుకెక్కరు.

ఈ హక్కును సుప్రీంకోర్టు పూర్తిగా అధ్యక్షుడికి రాసిచ్చింది చాలా ఆలస్యంగా, 2015 జూన్ 8న. మళ్లీ పాస్‌పోర్టే కారణం. జెరూసలేంలో పుట్టిన అమెరికన్ పిల్లవాడి పాస్‌పోర్టులో పుట్టిన దేశం గడిలో ఇజ్రాయెల్ అని రాయమన్నారు తల్లిదండ్రులు. అడిగితే అలా రాయాల్సిందేనని 2002లో కాంగ్రెస్ చట్టం చేసింది. బుష్ సంతకం పెట్టారు, పెడుతూనే దీన్ని నేను తప్పనిసరి ఆదేశంగా తీసుకోను అని పక్కన ఒక ప్రకటన చేర్చారు. జెరూసలేం ఎవరిదో చెప్పకూడదన్నది ట్రూమన్ నాటి నుంచి వస్తున్న విధానం. కేసు రెండుసార్లు సుప్రీంకోర్టుకెక్కింది. చివరికి జివోటోఫ్‌స్కీ కేసులో ఆరుగురు న్యాయమూర్తులు ఆ చట్టం చెల్లదన్నారు. గుర్తింపు అధ్యక్షుడి ఒక్కడిదే, కాంగ్రెస్ ఆయన నోట వేరే మాట పలికించలేదని జస్టిస్ కెన్నెడీ రాశారు. అందుకు ఆధారంగా మొదట చూపించింది మనం ఇందాక చూసిన, రాయబారులను స్వీకరించే వాక్యమే. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒప్పుకోలేదు. విదేశీ వ్యవహారాల్లో కాంగ్రెస్ చేసిన చట్టాన్ని అధ్యక్షుడు ముఖం మీదే ధిక్కరిస్తే ఈ కోర్టు ఇంతకుముందెన్నడూ ఔననలేదని ఆయన గుర్తుచేశారు.

తరవాత జరిగింది వింటే నవ్వొస్తుంది. 2017 డిసెంబరులో ట్రంప్ జెరూసలేంను ఇజ్రాయెల్ రాజధానిగా గుర్తించారు. 2020 అక్టోబరులో, కేసు ఓడిపోయిన ఆ కుర్రాడికే, అప్పటికి పద్దెనిమిదేళ్లు, ఇజ్రాయెల్ అని రాసిన మొదటి పాస్‌పోర్టు అమెరికా రాయబారి చేతుల మీదుగా అందింది. కాంగ్రెస్ చట్టం వల్ల రానిది అధ్యక్షుడి ఇష్టం వల్ల వచ్చింది. దీన్ని హక్కు అంటామా, వరం అంటామా?

ఇక్కడ సత్వంత్ సింగ్ కేసు మళ్లీ ఎత్తాలి. ఆ తీర్పు రాసేటప్పుడు సుబ్బారావు గారి ముందు అమెరికా సుప్రీంకోర్టు 1958లో చెప్పిన కెంట్ కేసు ఉంది. రాక్‌వెల్ కెంట్ అనే చిత్రకారుడికి కమ్యూనిస్టు సంబంధాల నెపంతో విదేశాంగ మంత్రి డల్లెస్ పాస్‌పోర్టు నిరాకరిస్తే, ఐదుగురికి నలుగురి తేడాతో కోర్టు తప్పుపట్టింది. ప్రయాణం స్వేచ్ఛలో భాగం, కాంగ్రెస్ స్పష్టంగా అధికారం ఇవ్వకుండా మంత్రి ఆపలేడు అంది. మనవాళ్లు అక్కణ్నుంచి ఒక మెట్టు పైకెక్కారు. అమెరికా కోర్టు మాత్రం 1981లో ఏజీ కేసులో, సీఐఏ మాజీ ఉద్యోగి పాస్‌పోర్టు రద్దు చెయ్యడాన్ని సమర్థిస్తూ ఒక మెట్టు కిందికి దిగింది.

అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు ఏ విదేశీ వ్యవహారం కేసులోనైనా ముందుగా పట్టుకునే ఆయుధం 1936 నాటి కర్టిస్-రైట్ తీర్పు. బొలీవియా, పరాగ్వే చాకో ప్రాంతం కోసం కొట్టుకుంటున్నాయి. వాళ్లకు ఆయుధాలు అమ్మకుండా నిషేధించే అధికారాన్ని కాంగ్రెస్ రూజ్‌వెల్ట్‌కు తీర్మానం చేసి మరీ ఇచ్చింది. ఒక కంపెనీ బొలీవియాకు 15 మెషీన్‌గన్లు అమ్మబోయి పట్టుబడింది. కాంగ్రెస్ అధికారం ఇచ్చింది, అధ్యక్షుడు వాడాడు, అంతటితో తీర్పు ముగించొచ్చు. జస్టిస్ సదర్లాండ్ ముగించలేదు. విదేశీ వ్యవహారాల్లో దేశానికి ఏకైక ప్రతినిధి అధ్యక్షుడే, ఈ అధికారం రాజ్యాంగం ఇచ్చినది కూడా కాదు, బ్రిటిష్ రాజు నుంచి నేరుగా సంక్రమించింది అన్నట్టుగా పేజీలు నింపారు. ఏకైక ప్రతినిధి అన్న మాట 1800 మార్చి 7న జాన్ మార్షల్ ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగంలోది. మార్షల్ అక్కడ మాట్లాడింది, ఒడంబడిక ప్రకారం ఒక నిందితుణ్ని బ్రిటన్‌కు అప్పగించిన అధ్యక్షుడి చర్య గురించి. ఉన్న ఒడంబడికను అమలు చెయ్యడం గురించి అన్నమాటను ఒడంబడిక లేనిచోట కూడా ఏదైనా చెయ్యొచ్చన్నదానికి తగిలించారు. గోరంతను కొండంత చెయ్యడమంటే ఇదే. సదర్లాండ్‌కు ఈ ఆలోచన 1936లో పుట్టింది కాదు. సెనేటర్‌గా పనిచేసినవాడాయన, న్యాయమూర్తి కాకముందు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇదే విషయం మీద వరుస ఉపన్యాసాలిచ్చారు, 1919లో అవి పుస్తకంగా వచ్చాయి. ఉపన్యాసాలను ఎవరూ పట్టించుకోరని బాధపడే నాలాంటివాళ్లకు ఇది ఊరట, దేశానికి కాదు.

దీనికి విరుగుడు 1952లో వచ్చింది. కొరియా యుద్ధం నడుస్తుండగా ఉక్కు కార్మికులు సమ్మె కడతారేమోనని ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకున్నారు. ఆరుగురు న్యాయమూర్తులు కుదరదన్నారు. వాళ్లలో రాబర్ట్ జాక్సన్ విడిగా రాసిన అభిప్రాయమే ఇవాళ్టికీ కొలబద్ద. కాంగ్రెస్ ఔనంటే అధ్యక్షుడి బలం నిండు, కాంగ్రెస్ మౌనంగా ఉంటే అది మసక వెలుగు, కాంగ్రెస్ వద్దన్నా చేస్తే బలం అట్టడుగున. ఈ జాక్సనే 1940లో రూజ్‌వెల్ట్‌కు అటార్నీ జనరల్‌గా ఉండి, సెనేట్‌ను అడగకుండా బ్రిటన్‌కు 50 యుద్ధనౌకలిచ్చి స్థావరాలు తీసుకోవచ్చని సలహా రాసిచ్చారు. లాయరుగా చెప్పింది జడ్జిగా నన్ను కట్టెయ్యదు అన్న అర్థంలో ఉక్కు కేసులో ఒక పాదసూచిక పెట్టారు. అంత నిజాయితీ అరుదు. నా మటుకు నేను జాక్సన్ కొలతలో రెండోదాన్నే ఎక్కువగా చూస్తాను. ఈ కథలో ముప్పాతిక భాగం కాంగ్రెస్ మౌనంగా ఉన్నప్పుడే జరిగింది.

ఒడంబడికల సంగతి చూడండి. 1920 మార్చి 19న వెర్సాయ్ ఒడంబడికకు సెనేట్‌లో 49 మంది ఔననీ 35 మంది కాదనీ అన్నారు. ఔనన్నవాళ్లే ఎక్కువ, అయినా మూడింట రెండు వంతులకు ఏడు ఓట్లు తక్కువై ఓడిపోయింది. తరవాతి అధ్యక్షులు ఆ పాఠం మర్చిపోలేదు. రెండో ప్రపంచయుద్ధం తరవాత అమెరికా చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందాల్లో పదింట తొమ్మిదికి పైగా ఈ మూడింట రెండు వంతుల దారిలో వెళ్లలేదు. కొన్నింటికి మామూలు చట్టం చాలనుకున్నారు, కొన్నింటికి సంతకమే చాలనుకున్నారు. సంతకంతో వచ్చినది సంతకంతోనే పోతుంది. పారిస్ వాతావరణ ఒప్పందంలోకి ఒబామా చేర్చారు, ట్రంప్ తీశారు, బైడెన్ 2021లో మళ్లీ చేర్చారు, ట్రంప్ 2025 జనవరి 20న మళ్లీ తీసే ఉత్తర్వు ఇచ్చారు. ఇరాన్ అణు ఒప్పందం 2015లో వచ్చి 2018లో పోయింది. వీళ్లతో చెయ్యి కలిపే దేశం ఇప్పుడు ఎన్నికల క్యాలెండరు కూడా పక్కన పెట్టుకోవాలి.

సెనేట్ ఒప్పుకున్న ఒడంబడిక నుంచి బయటికి రావాలంటే ఎవరు చెప్పాలి? రాజ్యాంగంలో ఒక్క ముక్క లేదు. తైవాన్‌తో 1954లో చేసుకున్న రక్షణ ఒడంబడికను కార్టర్ ఒంటిచేత్తో రద్దు చేస్తే సెనేటర్ గోల్డ్‌వాటర్ కోర్టుకెక్కారు. 1979 డిసెంబరులో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. కాంగ్రెస్ ఒక సంస్థగా అడ్డుచెప్పనిదే మేమెందుకు కల్పించుకోవాలి అన్నది జస్టిస్ పావెల్ ప్రశ్న. సబబైన ప్రశ్నే. కాంగ్రెస్ ఆ మాట అందుకోవడానికి నలభై నాలుగేళ్లు పట్టింది. సెనేట్‌లో మూడింట రెండు వంతుల సమ్మతో, కాంగ్రెస్ చట్టమో లేకుండా నాటో నుంచి అధ్యక్షుడు తప్పుకోరాదని 2023 డిసెంబరులో రక్షణ బడ్జెటు చట్టంలో ఒక సెక్షను చేర్చారు. దాని కోసం పట్టుబట్టిన ఇద్దరు సెనేటర్లలో ఒకరు టిమ్ కెయిన్, రెండోవారు మార్కో రూబియో. రూబియో ఇప్పుడు ట్రంప్ విదేశాంగ మంత్రి.

రాయబారుల నియామకంలో సెనేట్ పట్టు ఇంకా సడలలేదు. ఎరిక్ గార్సెట్టిని ఢిల్లీకి రాయబారిగా బైడెన్ 2021 జూలైలో ప్రతిపాదిస్తే సెనేట్ ఒప్పుకున్నది 2023 మార్చి 15న. రెండేళ్లకు పైగా ఢిల్లీలో ఆ కుర్చీ ఖాళీ. అయితే అసలు పని రాయబారి చెయ్యనక్కర్లేదని అధ్యక్షులు ఎప్పుడో కనిపెట్టారు. 1971 జూలైలో కిసింజర్ ఢిల్లీ వచ్చి వెళ్లారు, ఇస్లామాబాద్‌లో కడుపునొప్పి అని చెప్పి రహస్యంగా బీజింగ్ విమానమెక్కారు. ఆయన జాతీయ భద్రతా సలహాదారు. ఆ పదవికి సెనేట్ సమ్మతి అక్కర్లేదు. సెనేట్ సమ్మతించిన విదేశాంగ మంత్రి విలియం రోజర్స్‌ను చీకట్లో పెట్టారు. ఆ డిసెంబరులో భారత్-పాక్ యుద్ధం నడుస్తుండగా బంగాళాఖాతంలోకి ఎంటర్‌ప్రైజ్ నౌకను పంపినప్పుడు కాంగ్రెస్‌ను అడిగిన పాపాన పోలేదు. జోర్డాన్ దగ్గరున్న అమెరికా యుద్ధ విమానాలను పాకిస్తాన్‌కు మళ్లించడం చట్టవిరుద్ధమని సొంత అధికారులు చెప్పినా అధ్యక్షుడు నిక్సన్ వినలేదు.

యుద్ధం దగ్గరికొస్తే, కాంగ్రెస్ చివరిసారి ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద. కొరియా, వియత్నాం, ఇరాక్ ఏవీ ప్రకటించిన యుద్ధాలు కావు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు 1973 నవంబరులో నిక్సన్ వీటోను తోసిపుచ్చి యుద్ధాధికారాల తీర్మానం చేశారు. సైన్యాన్ని దింపితే 48 గంటల్లో చెప్పాలి, కాంగ్రెస్ ఒప్పుకోకపోతే 60 రోజుల్లో మానుకోవాలి, ఈలోపు ఉభయసభలూ తీర్మానం చేస్తే అధ్యక్షుడి సంతకం అక్కర్లేకుండానే వెనక్కి రప్పించాలి. కాగితం మీద గట్టిదే. పదేళ్లకు దాని వెన్ను విరిగింది, అదీ యుద్ధంతో సంబంధం లేని కేసులో. కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి చద్దాను, వీసా గడువు తీరాక కూడా ఉండనివ్వాలని వలస అధికారులు నిర్ణయిస్తే ప్రతినిధుల సభ వీల్లేదని తీర్మానించింది. 1983లో సుప్రీంకోర్టు ఆ విద్యార్థి పక్షాన తీర్పిస్తూ, అధ్యక్షుడి ముందుకు పంపకుండా సభలు చేసే ఇలాంటి తీర్మానాలకు చట్టబలం లేదంది. ఒక విద్యార్థికి మేలు జరిగింది, మంచిదే. యుద్ధం ఆపమనే తీర్మానానికీ అదే గతి పట్టింది. ఇప్పుడు ఆపాలంటే చట్టం చెయ్యాలి, అధ్యక్షుడు వీటో చేస్తాడు, దాన్ని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు కావాలి. 2019లో యెమెన్ మీద సరిగ్గా ఇదే జరిగింది. రెండు సభలూ వద్దన్నాయి, ట్రంప్ ఏప్రిల్ 16న వీటో చేశారు, సెనేట్‌లో 53 మంది నిలబడ్డా సరిపోలేదు. నూరుమందిలో 34 మంది తనవాళ్లుంటే అధ్యక్షుడు నిశ్చింతగా నిద్రపోవచ్చు. రాజ్యాంగం రాసినవాళ్లు యుద్ధం మొదలుపెట్టడానికి కాంగ్రెస్ కావాలన్నారు. ఇప్పుడు ఆపడానికి కూడా కాంగ్రెస్ చాలడంలేదు.

మన ఇళ్లలో మాట్లాడుకునే వీసాలు, సుంకాలు మాత్రం అధ్యక్షుడి సొంత ఆస్తి కాదు. విదేశీయుల ప్రవేశాన్ని నిలిపే అధికారం 1952 వలస చట్టంలో కాంగ్రెస్ చేతులారా రాసిచ్చినది. 2018లో ప్రయాణ నిషేధం కేసులో సుప్రీంకోర్టు దానికి విశాలమైన అర్థం చెప్పింది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లన్న ప్రకటన దాన్ని ఆధారం చేసుకున్నదే. ఆ ఆగస్టులో రష్యా చమురు కొంటున్నామని మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర ధర పడిపోయింది. అందుకు వాడింది 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. దాని మీద నడిచిన కోర్టు వాదాలకు ఇంకో ఉపన్యాసం కావాలి. విదేశీ వాణిజ్యం కాంగ్రెస్ పద్దులోదని మొదట్లోనే చెప్పాను. పార్టీ మనదైనప్పుడు అధికారం ఎవరి చేతిలో ఉంటేనేం అనుకున్నవాళ్లు రాసిన చట్టాలివి. వడ్డించేవాడు మారతాడని వాళ్లకు తోచలేదు.

మనవాళ్లు ఇదంతా చూసి అక్కడి కాంగ్రెస్‌ను వెక్కిరిస్తుంటారు. భారత్-అమెరికా అణు ఒప్పందం గుర్తు తెచ్చుకోండి. బుష్ దాని కోసం కాంగ్రెస్‌లో రెండు చట్టాలు చేయించుకోవాల్సి వచ్చింది, 2006 డిసెంబరులో ఒకటి, 2008 అక్టోబరులో ఇంకొకటి. మన దగ్గర 2008 జూలై 22న లోక్‌సభలో ఓటింగు జరిగింది, కానీ అది ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానం. ఒప్పందాన్ని ఒప్పుకుంటారా లేదా అని ఎవరూ సభను అడగలేదు, అడగాలన్న నియమమూ లేదు. అమెరికా రియాక్టర్లకు స్థలం చూపించిన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ప్రాంతపు ఎంపీకి ఆ ఒప్పందంలో ఒక్క పంక్తి మీద ఓటు లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద 1994 ఏప్రిల్‌లో మరాకెష్‌లో మనం సంతకం చేసినప్పుడూ అంతే. అమెరికాలో ఆ డిసెంబరుకల్లా అది కాంగ్రెస్ చట్టమై కూర్చుంది. మన రైతుకు విత్తనం దగ్గరా పేటెంటు దగ్గరా దాని ప్రభావం తెలిశాక పార్లమెంటు అమలు చట్టాలు చేసింది, 253వ అధికరణం కింద.

ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 14వ అంశం చూడండి. విదేశాలతో ఒడంబడికలు, ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలుచెయ్యడం. ఎవరు సంతకం చెయ్యాలి, ఏ ఒప్పందం సభ ముందుకు రావాలి, ఎన్ని రోజుల్లో రావాలి అని నియమించే చట్టం చెయ్యడానికి పార్లమెంటుకు 1950 నుంచీ అధికారం ఉంది. జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన రాజ్యాంగం పనితీరును సమీక్షించిన సంఘం 2002లో అలాంటి చట్టం చెయ్యమని సిఫారసు కూడా చేసింది. ఆ తరవాత కేంద్రంలో వాజపేయి, మన్మోహన్ సింగ్, మోదీ ప్రభుత్వాలు నడిచాయి, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఈ చట్టం కావాలన్నవాళ్లు అధికారంలోకి వచ్చాక దాని ఊసెత్తలేదు. ఈ సభలో న్యాయవిద్యార్థులు చాలామంది కనిపిస్తున్నారు. ఆ బిల్లు ముసాయిదా ఎలా ఉండాలో మీలో ఎవరైనా రాసి తెస్తే, ప్రశ్నోత్తరాల సమయం దాటిపోయినా సరే, కూర్చుని మాట్లాడటానికి నేను సిద్ధం.